ఐఎల్-1 బీటా తగ్గిందంటే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఆగినట్టేనా? ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు తేల్చుకోవాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. టీహెచ్‌పీ-1 కణాలకు (ల్యాబులో పెంచే మనిషి మోనోసైట్ జాతి కణాలు) వాటిని మాక్రోఫేజ్‌లుగా మార్చే పీఎంఏ 100 నానోమోలార్ ఒక రాత్రి ఇచ్చారు. మర్నాడు ఉదయం తిప్పతీగ కాండం నుంచి నీటిలో తీసిన ఎక్స్‌ట్రాక్ట్ మి.లీ.కు 100 మైక్రోగ్రాములు వేశారు. గంట ఆగి ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా గోడలోని పదార్థం) మి.లీ.కు 1 మైక్రోగ్రాము వేసి 24 గంటలు ఉంచారు. చివర్లో నైజెరిసిన్ 10 మైక్రోమోలార్ గంటసేపు ఇచ్చారు. ఎలైసాలో (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) మి.లీ.కు ఐఎల్-1 బీటా (వాపు పుట్టించే ప్రొటీన్), ఏమీ ఇవ్వని వెల్స్‌లో 180 పీకోగ్రాములు, ఎల్‌పీఎస్ ఒక్కటే ఇచ్చినచోట 900, నైజెరిసిన్ కూడా ఇచ్చినచోట 1,100, ఎక్స్‌ట్రాక్ట్ ఉన్నచోట 300 వచ్చాయి. ఎంటీటీలో (కణాలు బతికున్నాయో చూసే రంగు పరీక్ష) కణాలు బాగానే ఉన్నాయి. "ఎక్స్‌ట్రాక్ట్ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్‌ను ఆపుతోందని థీసిస్‌లో రాయొచ్చా?" అని అడిగారు.

ఇప్పుడున్న అంకెలతో రాయకూడదు. ఎక్స్‌ట్రాక్ట్ పని చేయడం లేదని నా ఉద్దేశం కాదు, పని చేస్తూనే ఉండొచ్చు. కానీ మీ ప్లేటులో ఇన్‌ఫ్లమసోమ్ (ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 చుట్టూ కూడి ఐఎల్-1 బీటాను సిద్ధం చేసే ప్రొటీన్ల గుంపు) అసలు మేలుకున్నట్టే లేదు. మేలుకోనిదాన్ని ఆపామని చెప్పలేం. ఎల్‌పీఎస్ ఒక్కదానికి 900, నైజెరిసిన్ కలిపితే 1,100 అంటే రెండో సంకేతమైన నైజెరిసిన్ చేసిన పని దాదాపు శూన్యం. ప్రయోగం సరిగ్గా నడిస్తే ఆ రెండు అంకెల మధ్య తేడా కనీసం ఐదు, పది రెట్లు ఉండాలి.

ఎందుకో తెలియాలంటే ఈ దారిలో వరుసగా ఉన్న ప్రొటీన్లను ఒకసారి చూడాలి. ఐఎల్-1 బీటా బయటికి రావడానికి రెండు తాళాలు తెరవాలి. మొదటి తాళం కణపొర మీది టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం దగ్గర ఉంది. ఎల్‌పీఎస్ అక్కడ తగలగానే మైడీ88 ద్వారా సంకేతం వెళ్లి, ఎన్‌ఎఫ్-కప్పా బిని పట్టి ఉంచే ఐ-కప్పా బి ఆల్ఫా విరిగిపోతుంది. ఎన్‌ఎఫ్-కప్పా బి కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఐఎల్-6, ప్రో-ఐఎల్-1 బీటా జన్యువులను నడిపిస్తుంది. 31 కిలోడాల్టన్ల ఈ ప్రో రూపానికి పని చేసే శక్తి లేదు, అది కణం లోపలే ఉండిపోతుంది. రెండో తాళం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. నైజెరిసిన్ వల్ల కణంలోని పొటాషియం బయటికి పోగానే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 నెక్7 తోడుతో గుమిగూడుతుంది. ఏఎస్‌సీ అనే జోడింపు ప్రొటీన్ దానికి అతుక్కుని కణానికి ఒకటి చొప్పున సుమారు ఒక మైక్రాన్ ముద్దగా మారుతుంది. ఆ ముద్ద మీద కాస్పేజ్-1 తనను తాను కోసుకుని చురుకవుతుంది. అది చేసే కోతలు రెండు. ప్రో-ఐఎల్-1 బీటాను 17 కిలోడాల్టన్ల అసలు రూపంగా కోస్తుంది. 53 కిలోడాల్టన్ల గ్యాస్‌డెర్మిన్-డిని కోసి 31 కిలోడాల్టన్ల ముందు ముక్కను విడదీస్తుంది. ఆ ముక్కలు కణపొరలో సుమారు 20 నానోమీటర్ల రంధ్రాలు చేస్తాయి. 17 రూపం ఆ రంధ్రాల గుండా జారిపోతుంది. ప్రో రూపం మీద రుణావేశం ఎక్కువ కాబట్టి అది అంత తేలిగ్గా రాదు. కణం పూర్తిగా పగిలితేనే అది పెద్దమొత్తంలో బయట పడుతుంది. ఈ పగలడం కూడా దానంతట అది జరిగేది కాదని, నింజ్1 అనే మరో ప్రొటీన్ పొరను చీలుస్తుందని 2021లో తేలింది.

ఇన్‌ఫ్లమసోమ్ అన్న పేరు 2002లో స్విట్జర్లాండ్ లోజాన్‌లో యూర్గ్ చోప్ బృందం పెట్టింది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎలుకల కణాలతో ఈ ప్రొటీన్ పనిని 2006లో బయటపెట్టిన పత్రాల్లో ఒకదానికి మొదటి రచయిత ఉస్మానియాలో చదువుకుని వెళ్లిన తిరుమలాదేవి కన్నెగంటి. ఆవిడ పరిశోధనాపత్రాల్లో ఏ నాకౌట్‌లో (ఒక జన్యువు తీసేసిన కణాల్లో) ఏది తగ్గింది, ఏది తగ్గలేదు అని పక్కపక్కనే చూపించే పద్ధతిని గమనించండి. మీకు ఇప్పుడు కావలసింది అదే. తగ్గినదాని పక్కన తగ్గనిదాన్ని కూడా చూపించాలి.

ఇక మీ అంకెలకు వద్దాం.

ఏమీ ఇవ్వని వెల్స్‌లోనే 180 ఉండటం మొదటి అనుమానం. పీఎంఏ కూడా ఎన్‌ఎఫ్-కప్పా బిని నడిపిస్తుంది, ప్రో-ఐఎల్-1 బీటాను తయారు చేయిస్తుంది. పీఎంఏ తీసేసి వెంటనే ప్రయోగం మొదలుపెడితే కంట్రోల్ కణాలు అప్పటికే సగం రెచ్చి ఉంటాయి. పీఎంఏ తీసిన తర్వాత కొత్త మీడియంలో కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఈ ఒక్క మార్పుతోనే చాలా ప్లేట్లలో కంట్రోల్ అంకె కిందికి దిగుతుంది. అప్పటికీ దిగకపోతే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా చేరిందేమో చూడండి. దాని లిపోప్రొటీన్లు టీఎల్‌ఆర్2ను ఎప్పుడూ గిల్లుతూనే ఉంటాయి. మైక్రోస్కోపులో అది కనబడదు, మీడియం మసకబారదు, కణాలు పెరుగుతూనే ఉంటాయి. నెలకోసారి పీసీఆర్ చేయడం తప్ప దారి లేదు.

రెండోది 24 గంటల ఎల్‌పీఎస్. ఎక్కువసేపు ఇస్తే ఎక్కువ తయారవుతుందన్న లెక్క ఇక్కడ పని చేయదు. ఎన్‌ఎఫ్-కప్పా బి నడిపించే జన్యువుల్లో దాన్ని ఆపే బ్రేకులు కూడా ఉన్నాయి. గంటలోపే ఐ-కప్పా బి ఆల్ఫా మళ్లీ తయారవుతుంది. ఏ20 పెరిగి, సంకేతాన్ని మోసే ప్రొటీన్ల మీది యుబిక్విటిన్ గొలుసులను తీసేస్తుంది. తర్వాత ఐఆర్‌ఏకే-ఎం, ఐఎల్-10 వస్తాయి. ఈ బ్రేకులు కొసరు ప్రొటీన్లు కావు. ఏ20 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా పిల్లల్లో నోటిపుళ్లు, జ్వరాలు, పేగువాపు కలిసిన జబ్బు వస్తుందని 2016లో తెలిసింది. మీరు 24 గంటల తర్వాత నైజెరిసిన్ ఇచ్చేసరికి కణాలు ఈ బ్రేకుల మీద ఉన్నాయి. ప్రైమింగ్‌కు (ఎల్‌పీఎస్‌తో మొదటి తాళం తెరవడానికి) 3 నుంచి 4 గంటలు చాలు. మోతాదు కూడా మి.లీ.కు 100 నుంచి 200 నానోగ్రాములకు తగ్గించండి.

మూడోది, ఆ 900 పీకోగ్రాములు ఏమిటన్నది. చాలా ఎలైసా కిట్లలో యాంటీబాడీలు 17 రూపాన్నే కాక ప్రో రూపాన్ని కూడా కొంత పట్టుకుంటాయి. 24 గంటల్లో చచ్చి పగిలిన కణాల నుంచి కారిన ప్రో రూపమే ఆ 900లో పెద్ద వాటా అయి ఉండొచ్చు. మీ కిట్ కరపత్రంలో ప్రో రూపంతో క్రాస్ రియాక్టివిటీ ఎంతని రాశారో చూడండి. ఇదే పని రక్తం నుంచి తీసిన మనిషి మోనోసైట్లలో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ఎల్‌పీఎస్ ఒక్కదానికే నిజమైన 17 రూపం బయటికి వస్తుంది. ఆర్‌ఐపీకే1, ఫ్యాడ్, కాస్పేజ్-8 మీదుగా వెళ్లే వేరే దారి అది. దాన్ని కల్తీ అనుకుని రీఏజెంట్లు పారేయొద్దు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్స్‌ట్రాక్ట్‌ను ఎల్‌పీఎస్ కంటే ముందు వేశారు. అలా వేస్తే అది మొదటి తాళాన్ని ఆపిందా, రెండోదాన్నా అన్నది ఎప్పటికీ తేలదు. ఎన్‌ఎఫ్-కప్పా బి తగ్గితే ప్రో-ఐఎల్-1 బీటాయే తక్కువ తయారవుతుంది, కోయడానికి సరుకు ఉండదు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 నిక్షేపంగా పని చేస్తున్నా ఎలైసా అంకె పడిపోతుంది. మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌ల మీద వచ్చే పత్రాల్లో తరచుగా కనబడే లోపం ఇదే. మార్చడానికి పైసా ఖర్చు లేదు, వేసే సమయం జరిపితే చాలు.

ప్రయోగం మళ్లీ ఇలా పెట్టండి.

కణాలను ఆర్‌పీఎంఐ-1640, 10% ఎఫ్‌బీఎస్, 0.05 మిల్లీమోలార్ బీటా-మెర్కాప్టోఇథనాల్‌లో పెంచండి. సాంద్రత మి.లీ.కు 2 లక్షలకూ 8 లక్షలకూ మధ్య ఉండాలి, 10 లక్షలు దాటనివ్వొద్దు. ఒకసారి కిక్కిరిసిన టీహెచ్‌పీ-1 తర్వాత పల్చన చేసినా కొన్నాళ్ల పాటు సరిగా స్పందించదు. పాసేజ్ 25 దాటితే కొత్త వయల్ తీయండి. పుణె ఎన్‌సీసీఎస్ నుంచి గానీ మరోచోటి నుంచి గానీ కణాలు తెప్పించుకున్నప్పుడు మొదటి వారాల్లోనే 15, 20 వయల్స్ ద్రవ నైట్రోజన్‌లో పెట్టుకుంటే థీసిస్ పూర్తయ్యేదాకా అవే కణాలుంటాయి.

పీఎంఏ అణుభారం 616.8. కాబట్టి 1 మి.గ్రా. పొడిని 1.62 మి.లీ. డీఎంఎస్‌ఓలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి. 100 నానోమోలార్ అంటే మి.లీ.కు సుమారు 62 నానోగ్రాములు. కొన్ని ప్రొటోకాల్స్ నానోమోలార్‌లో, కొన్ని నానోగ్రాముల్లో రాస్తాయి, రెండూ ఒకటే అనుకుని పొరబడటం మామూలే. 96 వెల్ ప్లేటులో వెల్‌కు లక్ష కణాలు 100 మైక్రోలీటర్లలో వేసి 24 గంటలు పీఎంఏ ఇవ్వండి. తీసేసి, వెచ్చటి మీడియంతో ఒకసారి మెల్లగా కడిగి, 24 నుంచి 48 గంటలు వదిలేయండి. అంచు వెల్స్ ఆవిరికి గురవుతాయి కాబట్టి వాటిలో నీళ్లు నింపి లోపలి 60 మాత్రమే వాడండి. మీడియం తీసేటప్పుడు సక్షన్ కాకుండా మల్టీచానెల్ పైపెట్ వాడి, అడుగున కొంచెం వదిలేయండి. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి మీడియం పోస్తే కణాలు ముడుచుకుని ఊడిపోతాయి. అలా ఊడిన ప్రతి కణం ఎలైసా అంకెలో తేలుతుంది.

ఎల్‌పీఎస్ నీటిలో ముద్దలు కడుతుంది, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. స్టాక్‌ను ప్రతిసారీ నిమిషం పాటు గట్టిగా వోర్టెక్స్ చేయకపోతే ఈ రోజు మోతాదు, రేపటి మోతాదు ఒకటి కావు. ప్రైమింగ్ 3 గంటలు కాగానే ఎల్‌పీఎస్ మీడియం తీసేసి సీరం లేని ఆర్‌పీఎంఐ లేదా ఆప్టి-మెమ్ వేయండి. సీరం ఉంటే తర్వాత బ్లాట్‌లో (ప్రొటీన్లను పరిమాణం వారీగా విడదీసి చూసే పరీక్ష) అల్బుమిన్ దారికి అడ్డం వస్తుంది, సీరంలోని ఎల్‌డీహెచ్ (పగిలిన కణాల నుంచి కారే ఎంజైమ్) కూడా మీ ఎల్‌డీహెచ్ లెక్కను చెడగొడుతుంది. ఎక్స్‌ట్రాక్ట్‌ను, ఎంసీసీ950 అనే కంట్రోల్ మందును వేయాల్సింది ఇప్పుడు. 30 నిమిషాలు ఆగి నైజెరిసిన్ వేయండి.

నైజెరిసిన్ సోడియం లవణం అణుభారం సుమారు 747. 5 మి.గ్రా.ను 1.34 మి.లీ. అబ్సొల్యూట్ ఇథనాల్‌లో కరిగిస్తే 5 మిల్లీమోలార్. 1:500 వేస్తే 10 మైక్రోమోలార్, ఇథనాల్ 0.2%. కంట్రోల్ వెల్స్‌లో కూడా 0.2% ఇథనాల్ ఉండాలి. మూత సరిగా లేని ట్యూబులో ఇథనాల్ ఆవిరైపోతుంది, స్టాక్ చిక్కబడుతుంది. పాత ట్యూబు ఒక్కోసారి పది నిమిషాల్లో అన్నిటినీ చంపడానికి కారణం ఇదే కావచ్చు. చిన్న చిన్న భాగాలుగా పంచి పారాఫిల్మ్ చుట్టండి. మొదటిసారి 2.5, 5, 10, 20 మైక్రోమోలార్‌లతో, 30, 60, 120 నిమిషాలతో ఒక చిన్న పట్టిక నడపండి. స్పందన పూర్తి గరిష్ఠానికి చేరని చోట, దాదాపు 70, 80 శాతం దగ్గర పని చేయడం మంచిది. మితిమీరిన నైజెరిసిన్ కింద బలహీనమైన ఇన్హిబిటర్ పని కనబడదు.

నైజెరిసిన్ బదులు ఏటీపీ వాడదామనుకుంటే టీహెచ్‌పీ-1లో నిరాశపడతారు. వీటిలో ఏటీపీని అందుకునే పీ2ఎక్స్7 గ్రాహకం స్పందన తక్కువ. ఎలుక ఎముకమజ్జ మాక్రోఫేజ్‌లలో 5 మిల్లీమోలార్ ఏటీపీ 30 నుంచి 45 నిమిషాలు చక్కగా పని చేస్తుంది. కానీ ఏటీపీ ద్రావణం ఆమ్లంగా ఉంటుంది. స్టాక్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో 7.4కు తేకుండా వేస్తే మీరు కొలిచేది ఆమ్లం చేసిన పని.

మీకు కావలసిన వెల్స్ వరుసలు ఇవి, ఒక్కోటి మూడేసి: ఏమీ లేనివి, ఎల్‌పీఎస్ ఒక్కటే, నైజెరిసిన్ ఒక్కటే, రెండూ, రెండూ ప్లస్ ఎంసీసీ950, రెండూ ప్లస్ ఎక్స్‌ట్రాక్ట్ మూడు మోతాదుల్లో, ఎల్‌పీఎస్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే, కణాలను పూర్తిగా పగలగొట్టడానికి ట్రైటాన్ అనే డిటర్జెంట్. ఎంసీసీ950 నేరుగా ఎన్‌ఎల్‌ఆర్‌పీ3నే పట్టుకుంటుంది. దాని ఐసీ50 (పనిని సగానికి తగ్గించే మోతాదు) ఎలుక మాక్రోఫేజ్‌లలో 10 నానోమోలార్ లోపే, కాబట్టి 1 మైక్రోమోలార్ చాలినంత ఎక్కువ. ఎంసీసీ950 వేసినా మీ అంకె తగ్గకపోతే అక్కడ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 పని చేయడం లేదన్నమాట. అలాంటి ప్లేటులో ఎక్స్‌ట్రాక్ట్ అంకెలు చూడనక్కర్లేదు, ప్లేటు మొత్తాన్ని పక్కన పెట్టండి.

సమయం కాగానే ప్లేటును 300 జీలో 5 నిమిషాలు తిప్పి, పైనుంచి 80 మైక్రోలీటర్లు తీయండి. ఎల్‌డీహెచ్ అదే రోజు చేయండి, గడ్డకట్టిస్తే దాని చురుకు తగ్గుతుంది. మిగతాది రెండు భాగాలుగా మైనస్ 80లో. ఎలైసాకు 1:10, 1:50 రెండు పలచనలూ పెట్టండి. టీహెచ్‌పీ-1 బాగా స్పందించినప్పుడు మి.లీ.కు నానోగ్రాముల్లో వస్తుంది. చాలా కిట్ల పై స్టాండర్డ్ 250 లేదా 500 పీకోగ్రాములే. వంపు పైభాగంలో పడిన రీడింగ్‌తో మందు వేసినా వేయకపోయినా ఒకేలా కనబడుతుంది.

ఇక అదే సూపర్‌నేటెంట్‌లో (పైనుంచి తీసిన ద్రవంలో) టీఎన్‌ఎఫ్ కూడా కొలవండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ చెప్పే కొలత ఇంకోటి లేదు. టీఎన్‌ఎఫ్‌కు ఇన్‌ఫ్లమసోమ్ అక్కర్లేదు, మొదటి తాళం ఒక్కటే చాలు. అయితే మీడియం మార్చాక టీఎన్‌ఎఫ్ కొంత పోతుంది కాబట్టి, ప్రైమింగ్ మీడియాన్ని పారేయకుండా విడిగా దాచండి. ప్రైమింగ్ సమానంగా జరిగిందో లేదో అది చెబుతుంది. మీ పాత పద్ధతిలో, అంటే ఎక్స్‌ట్రాక్ట్ ముందు వేసినప్పుడు ఐఎల్-1 బీటాతో పాటు టీఎన్‌ఎఫ్ కూడా పడిపోయి, కొత్త పద్ధతిలో ఐఎల్-1 బీటా తగ్గకపోతే మీ ఎక్స్‌ట్రాక్ట్ పని చేసేది ఎన్‌ఎఫ్-కప్పా బి వైపు. అది కూడా రాయదగ్గ ఫలితమే, దాన్ని తక్కువ చేసుకోవద్దు. కాస్పేజ్-1 కోసే మరో ప్రొటీన్ ఐఎల్-18 కూడా మంచి సాక్షి. దాని ప్రో రూపం ఈ కణాల్లో ప్రైమింగ్ లేకున్నా ఉంటుంది. కాబట్టి ఐఎల్-18 తగ్గితే వేలు రెండో తాళం వైపు చూపిస్తుంది. దాని మోతాదు తక్కువ, పలచన చేయకుండా పెట్టండి.

ఎలైసా ఒక్కదానితో ఆగకండి. ఇన్‌ఫ్లమసోమ్ గురించి చెప్పాలంటే బ్లాట్ తప్పదు. 6 వెల్ ప్లేటులో వెల్‌కు 20 లక్షల కణాలు, రెండో సంకేతం సమయంలో సీరం లేని మీడియం 1 మి.లీ. 500 మైక్రోలీటర్ల సూపర్‌నేటెంట్‌కు 500 మైక్రోలీటర్ల మెథనాల్, 125 మైక్రోలీటర్ల క్లోరోఫాం కలిపి వోర్టెక్స్ చేసి 13,000 జీలో 5 నిమిషాలు తిప్పండి. ప్రొటీన్ రెండు పొరల మధ్య తెల్లటి బిళ్లలా తేలుతుంది. పై పొరను మాత్రమే తీయాలి, ఇక్కడే చాలామంది బిళ్లను కూడా పీల్చేసి బ్యాండ్ రాలేదంటారు. మళ్లీ 500 మైక్రోలీటర్ల మెథనాల్ వేసి తిప్పితే అడుగున గుళిక కడుతుంది. 55 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టి 40 మైక్రోలీటర్ల శాంపిల్ బఫర్‌లో కరిగించండి. ఎక్కువ ఆరితే కరగదు. జెల్ 15%, మెంబ్రేన్ 0.2 మైక్రాన్ రంధ్రాలది. 0.45 వాడితే 17 కిలోడాల్టన్ల ముక్క అటువైపుకు దాటిపోతుంది. అదే కణాల లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) కూడా పక్కన నడపండి.

బ్లాట్ చదివే తీరు ఇదీ. లైసేట్‌లో ప్రో-ఐఎల్-1 బీటా, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఎక్స్‌ట్రాక్ట్ ఉన్నా లేకున్నా సమానంగా ఉండి, సూపర్‌నేటెంట్‌లో 17 బ్యాండూ కాస్పేజ్-1 పీ20 ముక్క (చురుకైన రూపం) బ్యాండూ తగ్గితే ఇన్‌ఫ్లమసోమ్ స్థాయిలో ఆగింది. లైసేట్‌లోనే ప్రో రూపం తగ్గితే ప్రైమింగ్ ఆగింది. కాస్పేజ్-1 కోత మామూలుగా ఉండి, 17 ముక్క కణం లోపలే చిక్కుకుపోతే గ్యాస్‌డెర్మిన్ రంధ్రం దగ్గర ఆగింది. డైసల్ఫిరామ్ అనే మందు అలాంటిదే, గ్యాస్‌డెర్మిన్-డి 191వ సిస్టీన్‌కు అతుక్కుని రంధ్రం కట్టకుండా చేస్తుంది. ఈ మూడోదాన్ని వెతకడం మర్చిపోకండి. సిస్టీన్‌లతో చర్య జరిపే పదార్థాలు మొక్కల్లో చాలా ఉన్నాయి. అలాంటి అణువు ఎన్‌ఎఫ్-కప్పా బి దారిలోనూ, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 మీదా, గ్యాస్‌డెర్మిన్ మీదా ఒకేసారి పని చేయగలదు. అప్పుడు ఒక్క పేరు మాత్రమే రాయడం అబద్ధమవుతుంది.

17 బ్యాండ్ తగ్గడానికీ కణాలు తక్కువగా పగలడానికీ తేడా చూడాలంటే గ్లైసిన్ 5 మిల్లీమోలార్ కలిపిన వెల్స్ పెట్టండి. గ్లైసిన్ నింజ్1ను ఆపుతుంది. ఎల్‌డీహెచ్ బాగా తగ్గుతుంది, రంధ్రాలు మాత్రం ఉంటాయి కాబట్టి 17 రూపం ఇంకా వస్తుంది. మీ ఎక్స్‌ట్రాక్ట్ ఎల్‌డీహెచ్‌ను మాత్రమే తగ్గించి 17ను వదిలేస్తే అది గ్లైసిన్ చేసే పని చేస్తోంది, ఇన్‌ఫ్లమసోమ్ పని కాదు.

ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 వరకు వచ్చాక కూడా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఎక్స్‌ట్రాక్ట్ నైజెరిసిన్‌నే మీడియంలో బంధించి ఉండొచ్చు. దీనికి వేరే ట్రిగ్గర్ కావాలి. యూరేట్ స్ఫటికాలు మి.లీ.కు 200 మైక్రోగ్రాములు, 6 గంటలు. కీళ్లలో గౌట్ మంట పుట్టించే స్ఫటికాలు ఇవే కాబట్టి పరీక్షకు అర్థమూ ఉంటుంది. స్ఫటికాలకు ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎల్‌పీఎస్) అంటి ఉండకూడదు. రెండోది, ఆగింది ఎన్‌ఎల్‌ఆర్‌పీ3నా, దాని కిందనున్న ఏఎస్‌సీ, కాస్పేజ్-1లా? ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 అనే మరో ఇన్‌ఫ్లమసోమ్ ప్రొటీన్‌ను మేల్కొలిపి చూడండి. ఆంత్రాక్స్ వాహక ప్రొటీన్‌తో లోపలికి పంపే బ్యాక్టీరియా నీడిల్ ప్రొటీన్ దొరుకుతుంది, లేదా బీఎస్‌ఎల్-2 సదుపాయం ఉంటే సాల్మొనెల్లా. అదీ తగ్గితే మీ లక్ష్యం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 కాదు, దాని కింద ఉంది. దీనికి డబుల్ స్ట్రాండ్ డీఎన్‌ఏతో ఏఐఎం2 (డీఎన్‌ఏను గుర్తించే ఇన్‌ఫ్లమసోమ్ ప్రొటీన్) పరీక్ష చేయమని కొందరు చెబుతారు. మనిషి మోనోసైట్ జాతి కణాల్లో ఆ డీఎన్‌ఏ సంకేతం స్టింగ్ మీదుగా తిరిగి ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 దగ్గరికే రాగలదు, కాబట్టి ఇక్కడ అది స్పష్టమైన పరీక్ష కాదు.

తిప్పతీగ గురించి ప్రత్యేకంగా ఒక మాట. దీని కాండంలోని ఒక అరబినోగలాక్టాన్ తానే టీఎల్‌ఆర్4ను ప్రేరేపిస్తుందని మన దేశంలోనే పరిశోధనలు వచ్చాయి. పాలిశాకరైడ్లు నీటి ఎక్స్‌ట్రాక్ట్‌లోకి బాగా దిగుతాయి, మెథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌లోకి తక్కువ. అంటే మీరు ముందే వేసిన ఎక్స్‌ట్రాక్ట్ ఎల్‌పీఎస్ పనిని తానే కొంత చేసి, ఏ20 లాంటి బ్రేకులను ముందుగా లేపి ఉండొచ్చు. అప్పుడు 300 అన్న అంకె వాపును అణచడం వల్ల కాకుండా, ముందుగా కొద్దిగా రెచ్చగొట్టడం వల్ల వచ్చినట్టు. ఎల్‌పీఎస్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే వేసిన వెల్స్‌లో టీఎన్‌ఎఫ్ చూస్తే ఇది బయటపడుతుంది. పైగా నేల మీద ఎండబెట్టిన ఏ కాండంలోనైనా బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఉంటుంది. ఫిల్టర్ చేస్తే బ్యాక్టీరియా పోతుంది, ఎండోటాక్సిన్ పోదు. ఆటోక్లేవ్‌కూ లొంగదు. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష చేయించండి. బీటా-గ్లూకాన్లు కూడా ఆ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి వాటిని అడ్డుకునే బఫర్ ఉన్న కిట్ తీసుకోండి. కణాల మీద తేల్చుకోవడానికి ఎండోటాక్సిన్‌ను బంధించే పాలిమిక్సిన్ బి మి.లీ.కు 10 మైక్రోగ్రాములు కలిపి ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే పెట్టండి. టీఎన్‌ఎఫ్ మాయమైతే అది ఎండోటాక్సిన్, నిలిస్తే మొక్కదే.

ఎంటీటీ మీద నమ్మకం కూడా తగ్గించుకోండి. మొక్కల ఫీనాలిక్ పదార్థాలు కణాలు లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మార్చగలవు. కణాలు లేని వెల్స్‌లో ఎక్స్‌ట్రాక్ట్ ప్లస్ ఎంటీటీ వేసి చూడండి, రంగు వస్తే మీ "కణాలు బాగున్నాయి" అన్న మాటకు ఆధారం పోయింది. ఎక్స్‌ట్రాక్ట్ సొంత రంగు ఎల్‌డీహెచ్ రీడింగ్‌లో కూడా కలుస్తుంది, దానికీ ఖాళీ వెల్ తీసేయాలి. నైజెరిసిన్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్‌తో అంతేసేపు ఉంచిన వెల్స్ ఎల్‌డీహెచ్ 10 శాతం దాటితే ఆ మోతాదు వదిలేయండి.

గణాంకాల విషయంలో ఒకే ప్లేటులోని మూడు వెల్స్‌ను ఎన్ = 3 అని రాయొద్దు. అవి పైపెటింగ్ ఎంత నిలకడగా ఉందో చెబుతాయి, అంతే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్‌లలో, వీలైతే రెండు విడతల ఎక్స్‌ట్రాక్ట్‌తో మూడుసార్లు చేసినదే మూడు. ఎక్స్‌ట్రాక్ట్ ఏ నెలలో ఏ ఊళ్లో కోసిన కాండం నుంచి తీశారో, ఎన్ని గ్రాములకు ఎంత వచ్చిందో నోటుపుస్తకంలో ఉండాలి.

ఏ మెట్టు అన్నదాని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెనక రోగులు ఉన్నారు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 జన్యువులో మార్పు వల్ల పుట్టినప్పటి నుంచి జ్వరం, దద్దుర్లు, వినికిడి లోపంతో బాధపడే పిల్లలకు ఐఎల్-1ను ఆపే అనకిన్రా, కనకినుమాబ్ నిజంగా ఉపశమనం ఇస్తాయి. అదే కనకినుమాబ్‌ను గుండెపోటు వచ్చిన 10,061 మందిలో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించినప్పుడు 150 మి.గ్రా. మోతాదులో గుండెజబ్బు ఘటనలు 15% తగ్గాయి, కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఐఎల్-1 బీటా ఒక్కదాన్ని ఆపితేనే అంత ప్రభావం ఉంటే, ఎన్‌ఎఫ్-కప్పా బి మొత్తాన్ని తగ్గించే పదార్థాన్ని "ఎన్‌ఎల్‌ఆర్‌పీ3కే ప్రత్యేకం" అని రాయడం వల్ల చదివి వాడేవాళ్లు మోసపోతారు. తిప్పతీగను మన ఇళ్లలో కషాయంగా తాగుతారు కూడా.

డబ్బు తక్కువైతే కొనాల్సిన వరుస: ముందు టీఎన్‌ఎఫ్ ఎలైసా, తర్వాత ఎంసీసీ950 చిన్న ప్యాక్, తర్వాత 17 రూపాన్ని పట్టే ఐఎల్-1 బీటా యాంటీబాడీ, కాస్పేజ్-1 యాంటీబాడీ. ఎన్‌ఎల్‌ఆర్‌సీ4, ఏఎస్‌సీ ముద్దల ఫొటోలు ఆ తర్వాత. మీ పాత ప్లేటు సూపర్‌నేటెంట్లు మైనస్ 80లో ఇంకా ఉంటే కొత్త కణాలు వేయకముందే వాటిలో టీఎన్‌ఎఫ్ కొలవండి. ఎక్స్‌ట్రాక్ట్ వెల్స్‌లో అది కూడా మూడో వంతుకు పడిపోయి ఉంటే మీకు సగం జవాబు ఈ వారంలోనే దొరికినట్టు. ఆ అంకెలు వచ్చాక ఎల్‌డీహెచ్‌తో కలిపి ఇక్కడే పెట్టండి, ప్లేటు పటం కూడా చూసి చెబుతాను.